శివారు గ్రామమునకు నీరెంత? - గుణశ్రేఢి చెప్పు లెక్క

1855లో విజయవాడవద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియైన నాటినుండి డెల్టా రైతుల బ్రతుకు కాలువతో ముడివడియున్నది. 1952లో ఆ ఆనకట్టకు గండి పడెను. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి దాని స్థానము నాక్రమించినది. నేడు తూర్పు, పడమటి కాలువల క్రింద సుమారు 13 లక్షల ఎకరముల ఆయకట్టు గలదు. అయినను నీటి యెద్దడి యేర్పడిన యేడు ఒక ప్రశ్న తప్పదు. పై గ్రామములు తడిసిన పిమ్మట నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను, నిజాంపట్నముల వంటి శివారు ప్రాంతములకు మిగులునదెంత? పంటకే కాదు, మంచినీటి చెరువు నింపుటకును ఆ నీరే యాధారము గదా!

దీనికి గణితములోని గుణశ్రేఢి సమాధానము చెప్పుచున్నది.

ఒక పిల్లకాలువలోనికి 1000 పాళ్లు నీరు వచ్చినదనుకొందము. ప్రతి గ్రామమును తన తూము వద్దకు వచ్చిన నీటిలో ఒకే వంతు చొప్పున తీసికొని, మిగిలినది క్రిందికి వదలుచున్నది. మొదటి గ్రామము 250 పాళ్లు తీసికొన్నది. క్రింద గ్రామములు అంతులేకుండ నున్నను, అన్నియు కలిసి తీసికొనునది 1000 పాళ్లే. క్రిందికి వదలు భాగమెంత?

తెలియని యీ సంఖ్యను ‘ర’ అందము. రెండవ గ్రామమునకు 250 × ర, మూడవదానికి 250 × ర × ర పాళ్లు వచ్చును. ఈ వరుస మొత్తమును ‘ర’చే గుణించినచో, మొదటి పదము తప్ప తక్కినవన్నియు మరల వచ్చును. దానిని మొత్తమునుండి తీసివేయగా మొదటి పదమే మిగులును. కావున:

మొత్తము = మొదటి పదము ÷ (1 − ర)

1000 = 250 ÷ (1 − ర)

1 − ర = 250 ÷ 1000 = 1/4

ర = 3/4

‘ర’ ఒకటికంటె తక్కువైనప్పుడే యీ సూత్రము చెల్లును.

ఇప్పుడు ఫలితము చూడుడు. రెండవ గ్రామమునకు 187.5 పాళ్లు, మూడవదానికి సుమారు 141, పదవదానికి 19 పాళ్లకంటె తక్కువ! అందరును నాలుగవ వంతే తీసికొనిరి, ఎవరును మాట తప్పలేదు. అయినను పదవ గ్రామపు మడి బీటలు వారినది.

పై గ్రామము దయతలచి 200 పాళ్లతో సరిపెట్టుకొని, అందరును అదే వంతు పాటించిరనుకొందము. అప్పుడు ‘ర’ 4/5 అగును. మొదటి గ్రామము 50 పాళ్లు వదలుకొన్నను పదవదానికి దక్కునది 27 పాళ్లే. పెరిగినది ఎనిమిది మాత్రమే. కావున మార్చవలసినది వంతు కాదు, పద్ధతి.

పది గ్రామములకును సాగుభూమి సమానమైనచో ఒక్కొక్కదానికి 100 పాళ్లు రావలెను. అందుకు మొదటి గ్రామము వచ్చినదానిలో పదవ వంతు, రెండవది మిగిలిన 900లో తొమ్మిదవ వంతు, మూడవది 800లో ఎనిమిదవ వంతు తీసికొనవలెను. చివరి గ్రామము వచ్చినదంతయు తీసికొనును. భూమి సమానము కానిచో ఎకరములనుబట్టి పంచవలెను. కాలువలో ఇంకిపోవు నీటిని, ఆవిరియగు నీటిని ముందే లెక్క వేసికొనవలెను.

పంచాయతీ సభ్యులు 1997 నాటి చట్టముతో నేర్పడిన నీటి వినియోగదారుల సంఘములతో కూర్చున్నప్పుడు, “మీ వంతెంత?” అని అడిగి యూరకుండరాదు. “చివరి తూముకు చేరునదెంత?” అని అడుగవలెను. న్యాయము నిగ్గు తేలునది అచ్చటనే.