రంగు వేసిన ప్లాస్టిక్ మీద ఫైబర్ అచ్చు: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: బైకు ఫెయిరింగ్‌కి ఫైబర్ అచ్చు తీద్దామని, గీతలు కనబడకుండా దాని మీద డబ్బా స్ప్రేతో నల్లరంగు కొట్టాను. ఆరాక వ్యాక్స్ బాగా రుద్ది, పాలిస్టర్ జెల్‌కోట్ పూశాను. ఊడదీస్తే రంగంతా పాల మీద మీగడలా ముడతలు పడి, సగం అచ్చుకే అంటుకుపోయింది. వ్యాక్స్ చాలలేదంటారా?
- ఒక మెకానిక్, విజయవాడ

సమాధానం: వ్యాక్స్ లోపం కాదండీ. మీ రంగును పాడుచేసింది స్టైరీన్. పాలిస్టర్ రెజిన్‌లో బరువు ప్రకారం మూడోవంతుకు పైగా ఈ ద్రవం ఉండడం మామూలే. జెల్‌కోట్ గట్టిపడేదాకా ఇది థిన్నర్‌లాగే కింది పూతను మెత్తబరుస్తుంది. వ్యాక్స్ పని అచ్చు అంటుకోకుండా చూడడం వరకే. స్టైరీన్‌ను అది ఆపలేదు. డబ్బా స్ప్రే రంగులు చాలావరకు ద్రావకం ఆవిరైపోవడంతో ఆరేవి. మళ్లీ ద్రావకం తగిలితే కరగడం మొదలుపెడతాయి. ఫెయిరింగ్‌లకు ఎక్కువగా వాడే ఏబీఎస్ ప్లాస్టిక్ తయారీలోనూ స్టైరీన్ ఉంటుంది కాబట్టి, రంగు దాటి లోపలికి దిగితే ప్లాస్టిక్ కూడా దెబ్బతింటుంది.

ఈసారి ముందుగా పాత రంగును పరీక్షించండి. కనబడని అంచున, థిన్నర్‌తో కొద్దిగా తడిపిన తెల్లగుడ్డతో రుద్దండి. గుడ్డకు రంగు దిగినా, పూత జిగటగా మారినా అది పనికిరాదు. వాటర్ పేపర్‌తో దాన్ని పూర్తిగా తీసేసి, హార్డెనర్ కలిపే టూ-కే ప్రైమర్, టూ-కే పాలీయురేథేన్ రంగు వేయండి. చేతికి ఆరినట్టు అనిపించినా లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది కనుక కనీసం వారం రోజులు ఆగండి. సిలికాన్ కలిసిన పాలిష్ మాత్రం వాడకండి. అది ఉన్నచోట జెల్‌కోట్ పరుచుకోక గుంటలు పడుతుంది.

తర్వాత అచ్చులకు వాడే వ్యాక్స్‌ను నాలుగైదు పూతలు, పూతకూ పూతకూ మధ్య గంట విరామంతో రుద్ది మెరిపించండి. దాని మీద పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) ద్రవాన్ని పలుచగా స్ప్రే చేయండి. ఎండాక ఏర్పడే ఆ పొరే స్టైరీన్‌కు అడ్డుగోడ. ఎక్కడా చిల్లు ఉండకూడదు. బ్రష్‌తో పూస్తే చారలు అచ్చులోకి దిగుతాయి. ఇదే వరసను ముందు ఒక పనికిరాని ముక్క మీద అరచేతంత చోట చేసి, మర్నాడు ఊడదీసి చూడండి. మళ్లీ దొరకని భాగమైతే ఎపాక్సీ జెల్‌కోట్, ఎపాక్సీ రెజిన్ వాడమనే నా సలహా. ఖర్చు ఎక్కువే అయినా వాటిలో స్టైరీన్ ఉండదు.

ప్రశ్న: మా కాలేజీ రేసింగ్ కారు కోసం అచ్చు తీశాం. రంగుకు ఏమీ కాలేదు గానీ, పలుచని ప్లాస్టిక్ భాగం వంకర తిరిగింది. కారణం ఏమిటి?
- ఇంజనీరింగ్ విద్యార్థులు, హైదరాబాద్

సమాధానం: వేడి. గట్టిపడేటప్పుడు రెజిన్ తనంతట తానే వేడెక్కుతుంది. ఒకేసారి మందంగా ఫైబర్ మ్యాట్ పరిస్తే ఆ వేడి 100 డిగ్రీలు దాటగలదు. ఏబీఎస్ మెత్తబడేది దాదాపు అక్కడే. పైగా పాలిస్టర్ గట్టిపడుతూ కుంచించుకుని భాగాన్ని లాగుతుంది. అందుకే జెల్‌కోట్ వేలికి అంటని స్థితికి వచ్చాక, ముందు 300 గ్రాముల మ్యాట్ ఒక్క పొర వేసి, అది గట్టిపడి చల్లారనివ్వండి. మిగతావి రెండేసి పొరలుగా, విరామాలతో వేయండి. ప్లాస్టిక్ వెనుక కర్రలతో గానీ ఫోమ్‌తో గానీ ఆసరా కట్టండి. క్యాటలిస్ట్‌ను తయారీదారు చెప్పిన మోతాదులోనే కలపండి. దాన్ని యాక్సిలరేటర్ అయిన కోబాల్ట్‌తో నేరుగా ఎన్నడూ కలపకండి, పేలుతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి.

ప్రశ్న: కారు బంపర్ నుంచి అచ్చు ఊడదీస్తుంటే రంగు పెచ్చులుగా లేచివస్తోంది. ఏం చేయాలి?
- ఒక పెయింటర్, వరంగల్

సమాధానం: బంపర్ లోపలి వైపు పీపీ అనే ముద్ర వెతకండి. అది పాలీప్రొపిలీన్. దీని మీద స్టైరీన్ ప్రభావం తక్కువే గానీ, రంగు పట్టు కూడా తక్కువే. తగిన ప్రైమర్ లేకుండా కొట్టిన రంగు అచ్చుతోపాటే వచ్చేస్తుంది. పైన టేపు గట్టిగా అంటించి లాగి చూడండి. రంగు లేస్తే ఆ పూత తీసేసి, ప్లాస్టిక్ ప్రైమర్‌తో మొదలుపెట్టాలి. ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చకండి. అంచుల్లో ప్లాస్టిక్ వెడ్జ్‌లు కొద్దికొద్దిగా దించి, సందులోకి నీళ్లు పోయండి. పీవీఏ నీటిలో కరుగుతుంది, అచ్చు విడుస్తుంది.

అచ్చు నాణ్యత రెజిన్ కలపకముందే తేలిపోతుంది. కింద ఉన్నది ఏ ప్లాస్టికో, పైన ఉన్నది ఏ రంగో తెలియకుండా దయచేసి జెల్‌కోట్ డబ్బా మూత తీయకండి.