చెత్త బండికి విద్యుచ్ఛక్తి: నయా రాయపూర్ నుండి ఒక పరిశీలన

నగర నిర్మాణాన్ని గూర్చి మాట్లాడేటప్పుడు రహదారులు, మంచినీరు, విద్యుత్ దీపాలు మన స్మృతికి వచ్చినంత త్వరగా చెత్త బండి రాదు. అది రాని రోజునగాని దాని విలువ తెలియదు. ఆ బండి నేడు డీజిలును విడిచి విద్యుచ్ఛక్తి వైపు మళ్ళుతున్నది. ఈ మార్పు ఎంతవరకు లాభదాయకం?

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అవతరించిన పిమ్మట పాత రాయపూర్‌కు దాదాపు 17 కిలోమీటర్ల దూరాన నయా రాయపూర్‌ను నిర్మించ తలపెట్టారు. 2012లో సచివాలయం ఇక్కడికి తరలివచ్చినది. 2018లో మాజీ ప్రధాని వాజపేయి స్మృత్యర్థం అటల్ నగర్ అని నామకరణం జరిగినది. విశాలమైన వీధులు, ఎడమెడమగా సెక్టార్లు, వాటి నడుమ పాత పల్లెలు: ఇదీ నగర స్వరూపం. పాత రాయపూర్ ఇరుకు సందులలో బండి తక్కువ దూరం నడిచి ఎక్కువసార్లు ఆగుతుంది. ఇక్కడ ఇల్లు ఇంటికి దగ్గరే అయినా, సెక్టారు సెక్టారుకు దూరం. కనుక ఒకే రకపు బండి రెండు ఊళ్ళకూ సరిపోతుందని అనుకోరాదు.

మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున, ఇంటికి నలుగురు అనుకుంటే, 500 కిలోలు మోయగల ఆటో దాదాపు 300 ఇళ్ళతో నిండుతుంది. అనగా ఒక్క విడతలో 300 సార్లు ఆగి కదలాలి. ఇంటికి అర నిమిషమైనా రెండున్నర గంటలు. ఆ సమయమంతా డీజిల్ ఇంజను కదలకుండానే ఇంధనాన్ని దహిస్తుంది. ఆ పొగ ముందుగా చేరేది వెనుక నిలబడిన పారిశుద్ధ్య కార్మికుల ఊపిరితిత్తులలోకే. విద్యుత్ మోటారు ఆగినప్పుడు దాదాపుగా శక్తిని వినియోగించదు. బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీకి చేరుతుంది కూడ. దారి, వేళ రెండూ నిర్ణీతమైనవి గనుక రాత్రివేళ ఒకేచోట ఛార్జి చేసుకొనవచ్చు. విద్యుత్ వాహనానికి ఇంతకన్న అనువైన కొలువు మరొకటి కనబడదు.

ఈ రాష్ట్రంలోనే సర్గుజా జిల్లా కేంద్రమైన అంబికాపూర్ 2015 నుండి మరొక మార్గం చూపినది. అక్కడ మహిళా స్వయం సహాయక బృందాలు ఇంటింటికి పోయి చెత్తను సేకరించి, కేంద్రాలలో వేరు చేసి, పొడి వ్యర్థాలను అమ్మి ఆదాయం గడిస్తున్నాయి. తొక్కుడు రిక్షాలతో పాటు బ్యాటరీ రిక్షాలు కూడ వాడుకలోకి వచ్చాయి. వారిని 'స్వచ్ఛతా దీదీ'లని పిలుస్తారు. అనువాదకునిగా నన్ను ఈ మాట కొంతసేపు నిలిపివేసినది. 'పరిశుభ్రతా సోదరి' అంటే కాగితం వాసన వేస్తుంది. మన వీధులలోనైతే 'చెత్త బండి అక్క' అంటారు, అదే నాకు సరియైన అనువాదం. ఎండలో బరువైన రిక్షా తొక్కే ఆ అక్కకు మోటారు ఒక విలాసం కాదు, మోకాళ్ళకు విశ్రాంతి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 జూన్‌లో 36 పురపాలక సంఘాలకు 516 విద్యుత్ ఆటోలను అందజేశారు. ఒక్కొక్కటి దాదాపు 4.10 లక్షల రూపాయలు. అంబికాపూర్ బృందాలు సొంతంగా భరించగల ధర కాదిది. అసలు భారం కొన్నేళ్ళ తరువాత వస్తుంది. బ్యాటరీ మార్పిడి ఖర్చు ఎవరిదో ముందే తేల్చకపోతే, బండి షెడ్డులో నిలుస్తుంది, అక్క మళ్ళీ పాత రిక్షా ఎక్కుతుంది. వేసవిలో 45 డిగ్రీలు తాకే రాయపూర్ ప్రాంతంలో బ్యాటరీ ఆయుష్షు సైతం వేడిమికి తగ్గుతుంది. పాడైన బ్యాటరీలను తయారీదారులే సేకరించాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు నిర్దేశించాయి. చెత్త మోసే బండి తానే ప్రమాదకర వ్యర్థంగా మిగలడం వింతైన సంగతి.

మరొక సంగతి దాచరాదు. ఛత్తీస్‌గఢ్ విద్యుత్తులో సింహభాగం బొగ్గుదే. నయా రాయపూర్ వీధిలో తగ్గిన పొగలో కొంత భాగం కోర్బా పొగగొట్టాల నుండి వెలువడుతుంది. అయినా రద్దీ వీధిలో మనిషి ముఖాన పొగ పడకపోవడం తక్కువ లాభమేమీ కాదు; సౌరశక్తి వాటా పెరిగేకొద్దీ ఈ లాభమూ పెరుగుతుంది.

నాకు ఎక్కువ చింత కలిగించేది చోదక స్థానం. తొక్కుడు రిక్షాకు లైసెన్సు అక్కరలేదు, మోటారు ఆటోకు కావాలి. శిక్షణ లేకుండా వాహనాలు వస్తే చోదకులుగా పురుషులు నియమితులై, దీదీలు వెనుక బుట్టలు మోసేవారుగా మిగులుతారు. కావున అంచనా పట్టికలో బండి ధర, ఛార్జింగు స్థలం, బ్యాటరీ నిధి సరసన శిక్షణ దినాల కూలి, లైసెన్సు రుసుము అనే రెండు పద్దులు కూడ ఉండాలి. బండి ధరతో పోల్చితే ఆ రెండింటి మొత్తం చాల స్వల్పం.