కొల్లేటి ప్రాంతమున కోళ్ల ఫ్లూ తెగులు వచ్చు కాలము

తాడేపల్లిగూడెము, ఉంగుటూరు, తణుకు ప్రాంతముల రైతులలో వరిసాగుతోబాటు గుడ్ల కోళ్లను పెంచువారు పలువురు కలరు. అట్టివారు పుష్య మాఘ మాసములందు మిక్కిలి మెలకువతో నుండవలెను. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గరి వేల్పూరునను, పెరవలి మండలములోని కానూరునను, ఏలూరు జిల్లా బాదంపూడిలోను కోళ్లు గుంపులు గుంపులుగా చచ్చెను. నమూనాలను భోపాలు ప్రయోగశాలకు పంపి పరీక్షింపగా హెచ్5ఎన్1 అను ఫ్లూ వైరసు బయటపడెను. అంతకు ముందేడు, 2024 ఫిబ్రవరిలోనే, నెల్లూరు జిల్లాలోను ఈ తెగులు పుట్టెను.

ఈ వైరసు నీటిపక్షుల కడుపులో పెరిగి, రెట్టతో నీటిలో కలియును. కార్తికము మొదలు ఫాల్గుణము వరకు ఉత్తరదేశపు పక్షులు కొల్లేటికి వచ్చియుండును. చల్లని నీటిలో వైరసు వారములకొలది బ్రతుకును. వైశాఖపు టెండకు త్వరగా నశించును. సార్వా కోతలైన పిమ్మట పెంపుడు బాతుల మందలు మోళ్లలో మేయుటయు నీ కాలముననే. బాతు తాను జబ్బుపడకయే తెగులును మోయగలదు గనుక దాని యారోగ్యమును జూచి మోసపోరాదు.

అయినను నింద యంతయు పక్షులపై వేయుట న్యాయము కాదు. వలసపక్షి తెగులును ఒక దొడ్డికి దెచ్చినను, పది దొడ్లకు జేర్చువాడు మనుష్యుడే. గుడ్ల అట్టలు, మేత బస్తాలు, పెంట తోలు బండ్లు, పనివాని చెప్పులు — వీనికి ఋతువు లేదు. వేసవిలోను తెగులు కనబడిన, మొదట వీనినే శంకింపవలెను.

కోతల కాలమున బాతుల మందను షెడ్ల దాపునకు రానీయరాదు. కాలువనీటిని బ్లీచింగు పొడి కలుపక కోళ్లకు పెట్టరాదు. చచ్చిన కోళ్లను కాలువలో విసరుటయు, చేపల చెరువులలో మేతగా వేయుటయు కొల్లేటి పక్షులకే తెగులును తిరిగి యంటించుట యగును. పశువైద్యుడు చూచిన వెంటనే సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. ఊరపందులు త్రవ్వి తినరాదు. పందికి పక్షుల ఫ్లూయు మనుష్యుల ఫ్లూయు రెండును సోకును. రెండును ఒక్క యొడలిలో కలిసిన క్రొత్త తెగులు పుట్టవచ్చును. బాగుగా నుడికిన మాంసమువలన భయము లేదు. పచ్చిమాంసమును పిల్లలకు అందనీయరాదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన యొక పసిబిడ్డ ఈ వైరసు సోకి మరణించెను.

గుడ్లు హఠాత్తుగా తగ్గుట, జుట్టును తమ్మెలును నీలిపడుట, ఒక్క రాత్రిలో పలు కోళ్లు చచ్చుట కనబడినచో, కొక్కెర తెగులేయని యెంచి యూరకుండరాదు. తెగులు పుట్టిన చోటి చుట్టును ఒక కిలోమీటరు లోపలి కోళ్లను ప్రభుత్వము చంపించి, చంపించిన కోళ్లకు పరిహార మిచ్చును. అంతకు ముందే తెగులుతో చచ్చిన కోడికి పరిహారము లేదు. కావున మొదటి దినముననే పశువైద్యశాలకు కబురంపుట రైతునకు లాభము.