వెయ్యి రూపాయల ప్రకటన నేర్పే పాఠం

హైదరాబాద్ అమీర్‌పేటలో పంచే కరపత్రాల్లో జావా, పైథాన్‌ల పక్కన డిజిటల్ మార్కెటింగ్ కూడా చేరి చాలాకాలమైంది. కోర్సులో చేరడం తప్పనను. కాకపోతే చాలాచోట్ల నేర్పేది ఏ బటన్ ఎక్కడుందన్నదే. ఫీజు వాయిదాలు తీరేలోగా ఆ బటన్లు చోటు మారిపోతాయి.

2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు. పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చేసింది. టిక్‌టాక్‌నే నమ్ముకున్నవాళ్లు మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 2023 జులైలో గూగుల్, వెబ్‌సైట్‌కు వచ్చేవాళ్ల లెక్క చూపే తన పాత అనలిటిక్స్‌ను ఆపి దాని కొత్త రూపమైన జీఏ4ను ముందుకు తెచ్చింది. పాతది నేర్చుకున్నవాళ్ల నోట్సులు మూలపడ్డాయి. ఇప్పుడైతే ప్రకటన ఎవరికి చూపాలో, ప్రకటన చోటు కోసం జరిగే వేలంలో ఎంత పాడాలో చాలావరకు మెషీనే తేలుస్తోంది. క్యాప్షన్లంటారా, చాట్‌జీపీటీని అడిగితే నిమిషంలో పది ఇస్తుంది. మనిషికి మిగిలినవి రెండు: లెక్క, భాష.

ముందు లెక్క. ఓ చిన్న పచ్చళ్ల వ్యాపారికి మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో రోజుకు 200 రూపాయల చొప్పున అయిదు రోజులు ప్రకటన నడిపారనుకుందాం. వీడియోను వేలమంది చూశారు, 40 మంది వాట్సాప్‌లో ధర అడిగారు, ఆరుగురు కొన్నారు. వెయ్యిని ఆరుతో భాగిస్తే ఒక్కో ఆర్డర్‌కు పడ్డ ఖర్చు దాదాపు 167 రూపాయలు. ఆర్డర్‌కు 180 మిగులుతుంటే ‘లాభమే కదా’ అనిపిస్తుంది. కానీ ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ ఉంది. అది కలిపితే ఆర్డర్‌కు 197 దాకా తేలుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని వ్యాపారికి ఆ పన్ను వెనక్కి రాదు. అంటే ప్రతి ఆర్డర్ మీదా నష్టమే! లైకులు చూసి మురిసిపోయినవాళ్లకు ఈ సంగతి కనిపించదు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: ధర అడిగి కొనకుండా వెళ్లిపోయిన ఆ 34 మందికి ఏమైంది? కొరియర్ చార్జీ ఎక్కువైందా, జవాబు మర్నాటికి గానీ వెళ్లలేదా? చాలాసార్లు తప్పు ప్రకటనలో ఉండదు, వాట్సాప్‌లో ఉంటుంది.

ఇక భాష. గుంటూరువాళ్లు పచ్చడి అన్నదాన్ని కరీంనగర్‌లో తొక్కు అంటారు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆవకాయ అని కొట్టమంటే నలుగురు నాలుగు స్పెల్లింగులు కొడతారు. ఎవరు ఏ మాటతో వెతుకుతారో పట్టుకోవడమే కీవర్డ్ రీసెర్చ్. వీడియో సంగతీ అంతే. సీసా మీద లేబుల్‌తో మొదలుపెడితే వేలు పైకి జరిగిపోతుంది. మామిడి ముక్కల మీద ఆవపిండి, కారం గుమ్మరించి, నువ్వుల నూనె పోసి చేత్తో కలుపుతుంటే ఆ వేలు ఆగుతుంది. మన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

గూగుల్ స్కిల్‌షాప్, హబ్‌స్పాట్ అకాడమీల్లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. చేయండి, కానీ రెజ్యుమెలో అవి ఒక లైను మాత్రమే. ‘ఎంత ఖర్చుపెట్టావు, ఏం వచ్చింది, రాకపోతే ఏం మార్చావు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చూపడానికి ఒక పేజీ ఉండాలి. నష్టమొచ్చిన ప్రకటన అయినా ఫర్వాలేదు, కారణం చెప్పగలిగితే చాలు. ఇన్‌ఫ్లుయెన్సర్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: డబ్బు తీసుకుని చేసిన పోస్టుకు అది ప్రకటన అని స్పష్టంగా రాయాలి. లేదంటే చిక్కే.

చేతిలో వెయ్యి లేదా? మీ వీధిలో టైలర్ షాపో, టిఫిన్ సెంటరో ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో దాని ఫొటోలు, పని వేళలు, ఫోన్ నంబరు సరిగా ఉన్నాయేమో చూసి, ఓనర్‌ను అడిగి సరిచేసి పెట్టండి. పైసా ఖర్చు లేదు. నెల తర్వాత ఎన్ని ఫోన్లు వచ్చాయో ఆయన్నే అడిగి రాసుకోండి. మీ పేజీలో మొదటి లైను అదే అవుతుంది.