కొత్త పురుగు కనిపించింది, ఎక్కడ వెతకాలి?

"సార్, ఇదేం పురుగు? ఏ మందు కొట్టమంటారు?" అని రైతు వాట్సాప్‌లో ఫొటో పెడితే, రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్పేసే అలవాటు వ్యవసాయ విస్తరణ ఉద్యోగాల్లో చాలామందికి ఉంది. పాత పురుగైతే అనుభవం గట్టెక్కిస్తుంది. బయటి దేశం నుంచి వచ్చిపడిన పురుగు దగ్గర ఆ అనుభవమే దారి తప్పిస్తుంది.

2021 చివర్లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప తోటల్లో జరిగింది చూడండి. మనకు తెలిసిన తామర పురుగు సిర్టోత్రిప్స్ డార్సాలిస్ ఆకుల్ని పట్టి పై ముడత తెప్పిస్తుంది. అప్పుడు పూలలో గుంపులుగా చేరి పూత రాల్చేసింది వేరే జాతి, త్రిప్స్ పార్విస్పైనస్. రైతులు దాన్ని నల్ల తామర పురుగన్నారు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించినట్టు 2015లోనే పరిశోధన పత్రం వెలువడింది. "మిరపలో తామర పురుగు" అని వెతికితే పాత పురుగు సలహాలే వస్తాయి. శాస్త్రీయ నామంతో వెతికితేనే ఆ పత్రం దొరుకుతుంది.

కాబట్టి మొదటి పని పేరు తేల్చుకోవడం. ఆ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకాలి. పాత పేరు, కొత్త పేరు రెండూ వాడాలి. కలుపు మొక్కలనే తీసుకోండి, గుర్రపుడెక్క ఇన్నాళ్లూ ఐకార్నియా క్రాసిపెస్. ఇప్పుడు పాంటెడీరియా క్రాసిపెస్ అంటున్నారు. సర్కారు తుమ్మను ప్రోసోపిస్ నుంచి నెల్టుమాకు మార్చారు. ఒక్క పేరుతోనే వెతికితే సగం సాహిత్యం కంటపడదు. మొక్కల పాత పేర్లన్నీ ఒకచోట కావాలంటే లండన్ క్యూ ఉద్యానవనం నడిపే ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్ ఉంది, ఉచితం.

పేరు తేలాక క్యాబీ కంపెండియం తెరవండి. పురుగు జీవితచక్రం, అది తినే పంటలు, దాని సహజ శత్రువులు ఒకే పేజీలో ఉంటాయి. ఏ దేశంలో ఉందో త్వరగా చూడటానికి ఎప్పో గ్లోబల్ డేటాబేస్ మేలు. మన దేశపు కీటకాలకు బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో (ఎన్‌బీఏఐఆర్), కలుపు మొక్కలకు జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ, చేపలకు ఫిష్‌బేస్. ఐయూసీఎన్ నిపుణుల బృందం తయారుచేసిన ప్రపంచ ఆక్రమణ జాతుల డేటాబేస్ పరిచయానికి బాగుంటుంది కానీ, పేజీ ఎప్పుడు రాశారో చూశాకే వాడండి.

ఏ జీవి ఎక్కడ నమోదైందో చుక్కలతో చూపే జీబిఫ్ పటం దగ్గర కాస్త ఆగాలి. చుక్కలు చూడగానే జిల్లాల లెక్క కట్టేస్తారు చాలామంది. ఒక్కో చుక్క నొక్కి, అది మ్యూజియంలో భద్రపరిచిన నమూనానా, ఎవరో ఫోన్‌లో తీసిన ఫొటోనా చూడండి. ఫొటోల వెబ్‌సైట్ ఐనేచురలిస్ట్‌లో జనం నిర్ధారించిన ఫొటోలే జీబిఫ్‌లోకీ వస్తాయి. రెండుచోట్లా కనిపించినంత మాత్రాన రెండు ఆధారాలు కావు. కొన్ని పాత నమూనాలకు సరైన చోటు తెలియక దేశం నడిమధ్యన చుక్క పెట్టేసి ఉంటారు. ఇక మీ మండలంలో చుక్క లేదంటే పురుగు లేదని కాదు, ఎవరూ నమోదు చేయలేదని మాత్రమే.

నివేదికలో చరిత్ర రాయాల్సి వస్తే ఇంకాస్త జాగ్రత్త. వయ్యారిభామ కలుపు మొక్క 1950లలో అమెరికా గోధుమలతో దిగిందని అందరూ రాస్తారు. అయితే వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ 1814 నాటి మొక్కల జాబితాలోనే దాని పేరుందని పరిశోధకులు ఎత్తిచూపారు. మన సామర్లకోటలో తోట నడిపి కలకత్తా వెళ్లిన రాక్స్‌బర్గే ఈయన. ఇలాంటి పాత పుస్తకాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో స్కాన్ చేసి ఉన్నాయి. ఎవరో రాసింది తిరిగి రాయడంకన్నా అసలు పేజీ తెరిచి చూడటం నయం.

స్థానిక లెక్కలకు నా ఓటు కృషికోశ్‌కే. వ్యవసాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు సమర్పించిన థీసిస్‌లు అందులో ఉంటాయి. అంతర్జాతీయ పత్రికల్లో రాని మన నేలల ఫలితాలు వాటిలో దొరుకుతాయి. భాష పేలవంగా ఉండొచ్చు, పట్టికలు మాత్రం పనికొస్తాయి.

మందు విషయంలో విదేశీ వెబ్‌సైట్‌ను అసలు నమ్ముకోవద్దు. అక్కడ అనుమతి ఉన్నది ఇక్కడ ఉండకపోవచ్చు, ఉన్నా మోతాదు వేరు. మన దేశంలో ఏ మందును ఏ పంట మీద ఏ పురుగుకు వాడొచ్చో కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ జాబితాలో ఉంటుంది. ఆ జాబితా, విశ్వవిద్యాలయ సిఫారసు రెండూ చూశాకే రైతుకు చెప్పండి.

ఇంత వెతికినా కొన్ని పేర్లు తెర మీద తేలవు. తామర పురుగును ఫొటో చూసి జాతి చెప్పడం కష్టం. స్లైడు చేసి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. నాలుగైదు పురుగుల్ని 70 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, పంట, ఊరు, తేదీ పెన్సిల్‌తో రాసిన చీటీ అందులోనే పెట్టండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఆ సీసాను దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి అదే వారంలో చేర్చండి.