కోర్సు పేరు తర్వాత, యజమాని సంతకం ముందు

నస్పూర్

బిడ్డా,

చుట్టుపక్కల కార్ఖానాలకు పనికొచ్చే శిక్షణ ఎలా తయారుచేయాలో నేర్చుకుంటున్నావు. ఏ కోర్సులు పెట్టాలన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకు. నేర్పడంలో యజమాని పాలు ఎంత అన్నదే అసలు సంగతి. రుజువు మన సింగరేణి బొగ్గు బాయిల్లోనే ఉంది. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ)లో నేర్చుకోనిదే కొత్త మనిషిని పనిలోకి దింపకూడదు. పాతవాళ్లు కూడా ఐదేళ్లకోసారి మళ్లీ వచ్చి కూర్చోవాలి. నేర్పేదీ పని చేయించుకునేదీ ఒకే యాజమాన్యం కాబట్టి పాఠం పనికి దూరం జరగదు. కాకపోతే తొంభైల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. అందరికీ బాయి పని దొరికే రోజులు పోయాయి.

మిగతావాళ్లకు దారి ఐటీఐ. కానీ నేర్పేవాడికీ పని ఇచ్చేవాడికీ ఉండే ఆ లంకె అక్కడ లేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు వస్తే మంచిదే. కానీ జైపూర్‌లోని సింగరేణి కరెంటు ప్లాంటుకైనా, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీకైనా, రామగుండం యూరియా కార్ఖానాకైనా రోజూ అవసరపడేది బెల్టు జాయింటు వేసేవాడు, పంపుకూ మోటారుకూ అలైన్‌మెంట్ సరిచూసేవాడు, బేరింగ్ పోకముందే చప్పుడుతో పసిగట్టేవాడు. రైసు మిల్లుకూ వీళ్లే కావాలి. యజమాని చెప్పిందే నేర్పితే పిల్లలు అతనికే కట్టుబడిపోతారన్న భయానికి జవాబు ఇందులోనే ఉంది: నాలుగు చోట్లా పనికొచ్చే పనినే ఎంచుకోవాలి. పరీక్ష కూడా ఒక్క యజమాని చేతిలోనే ఉండనక్కర్లేదు. జర్మనీలో అప్రెంటిస్‌ల పరీక్షా సంఘంలో యజమానులతో సమానంగా కార్మిక ప్రతినిధులూ కూర్చుంటారు. యూనియన్లకు కొదవలేని మన ప్రాంతంలో అది ఎందుకు కుదరదు?

నేర్పాక హైదరాబాద్ వెళ్లిపోతారని చిన్న యజమానులు అంటారు. నిజమే, వెళ్తారు. జీతం చాలక వెళ్లేవాణ్ని ఏ శిక్షణా ఆపలేదు, ఆపకూడదు కూడా. నేర్పే ఖర్చును మాత్రం పంచుకోవచ్చు. 30 మంది, ఆపైన పనిచేసే చోట అప్రెంటిస్‌లను పెట్టుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. నలుగురున్న షెడ్డుకూ ఆ వీలుంది. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో కొంత కేంద్రమే భరిస్తుంది. మొదటి పాఠాలు ఐటీఐలో, చేతిపని షెడ్డులో జరిగితే ఎవరి మీదా మొత్తం బరువు పడదు.

అందుకని సిలబస్ రాయకముందే ప్రతి యూనిట్‌లో ఏడాది బ్రేక్‌డౌన్ రిజిస్టర్ అడిగి చూడు. ఎంతమంది అప్రెంటిస్‌లను తీసుకుంటారో కాగితం మీద రాయించుకో. ఎవరూ సంతకం పెట్టకపోతే ఆ కోర్సు మొదలుపెట్టకు.