ఇన్‌హేలర్ పెట్టె పారేస్తే కేసూ పోతుంది

తమిళనాడులోని పెరియపాళయం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఊత్తుకోట న్యాయవాది ఒకరి దగ్గరికి ఈమధ్య ఒకే గోడు మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఉబ్బసం మందుకు దుకాణంవాడు ఎక్కువ గుంజాడని. తాజాగా వచ్చింది ఒక మల్లెతోట రైతు. భార్య వాడే ఇన్‌హేలర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అచ్చు ధర కనబడకుండా పెట్టె మీద తెల్ల స్టిక్కరు అంటించి, దానిపై పెన్నుతో ఎక్కువ ధర రాశారట. పెట్టె ఏదంటే చెత్తలో వేశామన్నాడు. మరి బిల్లు? "తెలిసిన దుకాణమే కదా సార్, అడగలేదు."

కేసు అక్కడే చతికిలబడింది.

చట్టం మాత్రం ఆ రైతు పక్షమే. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అచ్చు ధరను మించి ఎవరూ అమ్మకూడదు. అత్యావశ్యక మందుల జాబితాలోని సాల్బుటమాల్, బుడెసొనైడ్ ఇన్‌హేలర్లకు గరిష్ఠ ధరను జాతీయ ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ నిర్ణయిస్తుంది. 'ఫార్మా సహీ దామ్' యాప్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 112 రూపాయలున్న మందు 105కే రావాలి, పెట్టె మీద పాత ధర ఉన్నా సరే. ధరల పట్టికను దుకాణంలో కనబడేలా పెట్టాలని కూడా ఆ 2013 ఉత్తర్వే చెబుతోంది. ఎన్ని దుకాణాల్లో కనబడుతోంది? తనిఖీ చేయాల్సిన అధికారులు ఫిర్యాదుదారుణ్ణి బిల్లు అడుగుతారే తప్ప, దుకాణం మెట్లెక్కి ఆ పట్టిక ఏదని అడగరు.

బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పు. వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయొచ్చు. తిరువళ్ళూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. కానీ చేతిలో కాగితం లేకుండా అక్కడికెళ్ళి ఏం చూపిస్తారు? బ్యాచ్ నంబరున్న బిల్లు అడగండి. పెట్టెను ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మందు అయిపోయేదాకా రెండింటినీ దాచండి. ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేస్తున్నది ఈ ఒక్క పనే.

ఖర్చు తగ్గే దారి అసలు డాక్టరు గదిలోనే మొదలవుతుంది. చీటీలో ఒక కంపెనీ పేరు రాస్తే, దాని బదులు అదే మందును వేరే పేరుతో ఇచ్చే అధికారం దుకాణదారుకు లేదు. డ్రగ్స్ రూల్స్ 65వ నిబంధన ఒప్పుకోదు. జెనరిక్ మందులమ్మే జన ఔషధి కేంద్రం నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చేవారిలో చాలామంది కథ ఇదే. మందు అసలు పేరు, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో సవరించిన వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. కాబట్టి "జెనరిక్ పేరు రాయండి డాక్టరుగారూ" అని నోరు తెరిచి అడగాలి. పొడి క్యాప్సూల్ వేసి పీల్చే పరికరం సరిపోతుందేమో కూడా అప్పుడే అడగాలి. చాలామందికి అది చవక. ఆ చీటీతో జన ఔషధిలోనూ, 2025 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం తెరిచిన ముదల్వర్ మరుందగం మందుల దుకాణాల్లోనూ ధర విచారించాలి. ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుంటే అక్కడున్న మందు ఉచితం.

డబ్బు మిగులుతుందని రోజూ పీల్చాల్సిన మందు మానేసి, ఆయాసమొచ్చినప్పుడు పీల్చేదానితోనే నెట్టుకురావడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రైతు భార్య చేస్తున్నదీ అదే. న్యాయవాది ఆమెను ముందు ఆసుపత్రికి పంపాడు. దుకాణానికి నోటీసు సంగతి ఆ తర్వాత.